సంఘాన్నీ ఇంటినీ విడవకుండా ఆన్‌లైన్ సెమినరీ చదువు పూర్తి చేయడం ఎలా

ఆన్‌లైన్ సెమినరీలో, అంటే ఇంటి నుంచే చదివే వేదాంత విద్యాలయంలో, చేరాలనుకునే తోటి సేవకులు నన్ను మొదట అడిగేది ఫీజు గురించి, తరువాత సర్టిఫికెట్ గురించి. సమయం సంగతి ఎత్తితే, "ఎలాగో వీలు చేసుకుంటాను అన్నా" అంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను. విశాఖపట్నంలో పెదగంట్యాడ వైపు ఒక చిన్న సంఘానికి పాస్టరును. స్టీల్‌ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవారు, చేపల వేటకు వెళ్ళే కుటుంబాలు, ఇళ్ళలో పనికి వెళ్ళే తల్లులు మా సంఘస్థులు. నా భార్య ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతుంది. ఇద్దరు పిల్లలు. ఈ పరిస్థితిలో మొదటి సెమిస్టరులోనే మూడు కోర్సులు తీసుకున్నాను. అక్టోబరు నాటికి ఒకటి మానేశాను, ఇంకొకటి అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టి, పద్ధతి మార్చుకుని చదివిన తరువాత నాకు అర్థమైనది మీ కోసం రాస్తున్నాను.

వీలు అనేది ఎక్కడా మిగిలి ఉండదు. చదువుకు పెట్టే ప్రతి గంటా ఎవరో ఒకరి దగ్గర నుంచి తీసుకున్నదే. భార్య దగ్గర, పిల్లల దగ్గర, సంఘం దగ్గర, లేకపోతే మీ నిద్రలోంచి. అడిగి తీసుకుంటే అది అప్పు, తీర్చవచ్చు. చెప్పకుండా తీసుకుంటే ఆ మనిషి మనసులో అది మిగిలిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో సెమినరీకి దరఖాస్తు పెట్టడం నాలుగో పని. దాని కంటే ముందు మూడున్నాయి.

మొదట గంటలు లెక్క పెట్టండి

అమెరికా సెమినరీల లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దాని బయట కనీసం రెండు గంటల చదువు. ఇలా దాదాపు పదిహేను వారాలు. అంటే మూడు క్రెడిట్ల కోర్సు ఒక్కటి తీసుకున్నా వారానికి తొమ్మిది గంటలు. మన దేశంలో లెక్కలు కొంచెం అటూ ఇటూ ఉన్నా మీ మీద పడే భారం ఇంచుమించు ఇంతే. ఇంగ్లిషులో చదవడం అలవాటు లేకపోతే ఇంకా పెంచుకోండి. నాకు తొమ్మిది గంటల పని మొదటి ఏడాదిలో పన్నెండు గంటలు పట్టేది.

ఇప్పుడు మొత్తం దూరం చూడండి. అమెరికా, కెనడా సెమినరీలకు గుర్తింపునిచ్చే అసోసియేషన్ ఆఫ్ థియొలాజికల్ స్కూల్స్ ప్రమాణం ప్రకారం ఎం.డివ్.కు, అంటే మాస్టర్ ఆఫ్ డివినిటీ డిగ్రీకి, కనీసం 72 క్రెడిట్లు కావాలి. మూడేసి క్రెడిట్ల చొప్పున 24 కోర్సులు. సెమిస్టరుకు రెండు తీసుకుంటే, అంటే వారానికి పద్దెనిమిది గంటలు పెడితే, ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళు అనే మాట మొదటే మనసుకు చెప్పుకోండి. ఈ రోజు రెండో తరగతి చదువుతున్న మీ పాప అప్పటికి ఎనిమిదో తరగతిలో ఉంటుంది. అంత దూరం వద్దనిపిస్తే డిప్లొమాతో మొదలుపెట్టండి. చిన్నతనమేమీ కాదు.

తరువాత ఒక కాగితం మీద మీ వారాన్ని ఉన్నది ఉన్నట్టు గీయండి. ఆదివారం ఆరాధన, సండే స్కూలు, సాయంత్రం సంఘస్థుల ఇళ్ళ దర్శనాలు. బుధవారం బైబిలు స్టడీ. శుక్రవారం ఉపవాస ప్రార్థన. మధ్యలో గృహ కూడికలు, స్త్రీల కూడిక, యౌవనస్థుల కూడిక. శనివారం ప్రసంగ సిద్ధపాటు. మా సంఘంలో స్టీల్‌ప్లాంటు షిఫ్టుల వల్ల గృహ కూడికలకు స్థిరమైన వేళ ఉండదు. ఉదయం పనికి వెళ్ళే 'ఎ' షిఫ్టు వారికి సాయంత్రం కుదిరితే, మధ్యాహ్నం వెళ్ళే 'బి' షిఫ్టు వారికి ఉదయం కుదురుతుంది. ఇవన్నీ రాశాక ఖాళీగా కనిపించిన గళ్ళను వెంటనే చదువుకు ఇవ్వకండి. ఫలానా గంటలో నిజంగా ఏమి జరుగుతోందో రెండు వారాలు గమనించండి. మంగళవారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు నాకు ఖాళీ అని రాసుకున్నాను. తీరా చూస్తే ఆ రెండు గంటలూ ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్ళడానికీ, రేషన్ కార్డు పనికి తోడు వెళ్ళడానికీ పోతున్నాయి. అది కూడా పరిచర్యే. దాన్ని ఖాళీ అనుకోవడం నా తప్పు.

ఇంట్లో అడగండి

ఇది అన్నిటికంటే ముఖ్యం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రెండోసారి చేరే ముందు, పిల్లలు పడుకున్నాక, గీసుకున్న కాగితం నా భార్య ముందు పెట్టాను. ఆమె బడి పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. ఎర్ర పెన్ను మూత పెట్టకుండానే కాగితం చూసి, "వారానికి తొమ్మిది గంటలంటున్నారు. అందులో నావి ఎన్ని?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అదే ఎర్ర పెన్నుతో ఒక్కొక్క గడి మీద పేరు రాసింది. గురువారం సాయంత్రం పాప లెక్కలు. శనివారం ఉదయం గాజువాక మార్కెట్టు. రాత్రి భోజనం తరువాత అరగంట, అది ఆమెది. నెలకొకసారి అనకాపల్లిలో అత్తగారిని చూసి రావడం. ఈ నాలుగూ ముట్టుకోకూడదని ఒప్పుకున్నాం. మిగిలిన వాటిలోంచి తొమ్మిది గంటలు ఆమే తీసి ఇచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువా తలుపు లోపలి వైపు అతికించి ఉంది.

మీరూ ఇలాగే చేయండి. "నేను చదువుకుంటాను, ప్రార్థన చేయి" అని చెప్పి ఊరుకోకండి. ఏ రోజు, ఏ వేళ, ఎంతసేపు అని చెప్పండి. ఆ వేళలో ఇంటి పని ఎవరి మీద పడుతుందో మాట్లాడుకోండి. నేను తెల్లవారుజామున చదువుతాను కాబట్టి పాల ప్యాకెట్టు తేవడం, నీళ్ళ మోటారు వేయడం నా వంతు. ఆమె మిక్సీ వేసే వేళకు నా క్లాసు ఉంటే నేను మేడ మీదకు వెళ్ళాలి గానీ ఆమె మిక్సీ ఆపకూడదు. చిన్న విషయాలే. ఆరేళ్ళ కాపురం మీద వీటి బరువు చాలా ఉంటుంది. తన ఇంటివారిని ఏలనేరని వాడు దేవుని సంఘాన్ని ఎలా పరామర్శిస్తాడని పౌలు తిమోతికి రాసిన మాట చదువుకునే పాస్టరు తలుపు మీద రాసుకోవలసినది.

పిల్లలకు కూడా వారికి అర్థమయ్యేలా చెప్పండి. నాన్న లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఫోను చూస్తున్నాడో, చదువుతున్నాడో వారికి తెలియదు. మా అబ్బాయికి ఒక గుర్తు చెప్పాను. బల్ల మీద ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం తెరిచి ఉంటే నాన్న చదువుతున్నట్టు. మూసి ఉంటే ఏదైనా అడగవచ్చు. వాడు అప్పుడప్పుడు వచ్చి ఆ పుస్తకాన్ని తానే మూసేసి నిలబడతాడు. ఆ రోజు చదువు ఆపేస్తాను.

ఇంకొక మాట. పాస్టరమ్మ చదువుతానంటే ఈ నియమాలన్నీ తిరగేసి మీకూ వర్తిస్తాయి. స్త్రీల కూడికలో వాక్యం చెప్పేది ఆమే, సండే స్కూలు నడిపేది ఆమే, ఎవరింట్లో గొడవ జరిగినా అర్ధరాత్రి తలుపు తట్టేది ఆమె కోసమే. నా అభిప్రాయంలో మన సంఘాలలో వేదాంత విద్య అవసరం ఎక్కువగా ఉండి, అవకాశం తక్కువగా దొరికేది వారికే. ఆమె చదివే తొమ్మిది గంటలు వంటింట్లో మీరుండాలి.

సంఘ పెద్దలను అడగండి

పెద్దలకు చెప్పకుండా చేరి, ఆరు నెలల తరువాత "అయ్యగారు ఈ మధ్య దర్శనాలకు రావడం లేదు" అనిపించుకోవడం కంటే ముందే కూర్చోబెట్టి మాట్లాడడం మేలు. పెద్దల మనసులో ఒక భయం ఉంటుంది, పైకి అనరు. చదువు పూర్తయ్యాక ఈయన పెద్ద సంఘానికో, విదేశాలకో వెళ్ళిపోతాడేమో అని. దాని గురించి మీరే మాట ఎత్తండి. ఎందుకు చదవాలనుకుంటున్నారో మీ సంఘం అవసరంతో ముడిపెట్టి చెప్పండి. మా యౌవనస్థులు యూట్యూబులో రకరకాల బోధలు విని వచ్చి అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదని నేను పెద్దల ముందు ఒప్పుకున్నాను. అంతకంటే పెద్ద కారణం చెప్పనవసరం లేకపోయింది.

తరువాత పని పంచండి. భారమంతా ఒక్కడివే మోయక ఇతరులకు పంచమని నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడు మోషేకు చెప్పిన సలహా మనం ప్రసంగిస్తాం గానీ పాటించడం తక్కువ. నేను శుక్రవారపు ఉపవాస ప్రార్థనలో వాక్యం చెప్పడం నెలకు రెండుసార్లు ఒక పెద్దకు అప్పగించాను. మొదట్లో ఆయన గొంతు వణికింది. ఇప్పుడు ఆయన చెప్పే రోజున హాజరు ఎక్కువ. పరీక్షల వారాల తేదీలు పెద్దలకు రాసి ఇవ్వండి. ఆ వారంలో ఫోన్లు మొదట ఎవరు ఎత్తాలో నిర్ణయించండి. ఒక్క మినహాయింపు మాత్రం ఉంచుకోండి. మరణం జరిగిన ఇంటికి పరీక్ష ఉన్నా వెళ్ళాలి. పరీక్ష మళ్ళీ రాయవచ్చు.

సెమినరీని ఎంచుకోవడం

ఈ పట్టణంలో ఉన్నవారికి సెమినరీ చదువు పరాయిది కాదు. లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డె గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి తోడ్పాటుతో ఇక్కడే సువార్తలను తెలుగు చేశారు. 1810 ముగిసేలోపే మిషనరీలిద్దరూ చనిపోయారు. వారు విడిచి వెళ్ళిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ శ్రీరాంపూర్‌లోనే విలియం కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు 1818లో కళాశాల పెట్టారు. 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన అధికార పత్రంతో దానికి డిగ్రీలిచ్చే హక్కు వచ్చింది. ఇవాళ మన దేశంలో అనేక సెమినరీల బి.డి., బి.టిహెచ్. అనే వేదాంత డిగ్రీలను ఇచ్చేది ఆ కళాశాల డిగ్రీల వ్యవహారం చూసే శ్రీరాంపూర్ సెనేట్. 1964లో రాజమండ్రిలో మొదలై తరువాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ దీనికి అనుబంధమైనదే. ఇంటి దగ్గర ఉండి చదివేవారి కోసం సెనేట్ దూరవిద్య విభాగం క్రిస్టియన్ స్టడీస్‌లో డిప్లొమా, డిగ్రీ నడుపుతుంది.

రెండో దారి ఏషియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న సెమినరీలు. 1970లో మొదలైన ఈ సంస్థ సువార్తిక సెమినరీలకు గుర్తింపునిస్తుంది. మూడోది బెంగళూరు కేంద్రంగా 1971 నుంచి ఉన్న టాఫ్టీ అనే వేదాంత విద్యా సంస్థ. సెమినరీకి రాలేని సేవకుల దగ్గరకే సెమినరీ వెళ్ళాలని 1963లో గ్వాటెమాలాలో మొదలైన విస్తరణ విద్య పద్ధతి దీనికి మూలం. ఇంట్లో పాఠం చదువుకుని, దగ్గరలోని చిన్న గుంపులో కూర్చుని చర్చించడం దీని తీరు. ఒంటరిగా తెర ముందు కూర్చోలేని వారికి ఇది మంచిది.

చేరే ముందు సెమినరీ కార్యాలయానికి ఫోను చేసి ఇవి అడగండి. మీ డిగ్రీకి గుర్తింపు ఎవరిది? పై చదువుకు వెళితే ఎవరు ఒప్పుకుంటారు? మా సంఘ శాఖ అభిషేకానికి ఇది చెల్లుతుందా? ఈ చివరి ప్రశ్న మీ శాఖ పెద్దలనే అడగాలి. క్లాసులు ప్రత్యక్షమా, రికార్డు చేసినవా? ఏడాదికి ఎన్ని రోజులు అక్కడికి రావాలి? వ్యాసాలు తెలుగులో రాయనిస్తారా? ఇంట్లో కష్టం వస్తే ఒక సెమిస్టరు ఆపి మళ్ళీ చేరవచ్చా? ఈ ఆఖరి మాటకు సూటిగా జవాబు చెప్పని చోట చేరవద్దు. విశ్వాస ప్రమాణాన్ని మొత్తం చదవండి. అలాగే, కొద్ది నెలల్లో డబ్బు కట్టించుకుని పేరు ముందు డాక్టర్ అని రాసుకోమనే సంస్థల జోలికి వెళ్ళకండి. ఆ అక్షరాలు మీ కరపత్రం మీద బాగుంటాయి గానీ, మీ సంఘంలో చదువుకున్న పిల్లవాడు వాటి గురించి వెతికిన రోజున మీరు చెప్పిన వాక్యాన్ని కూడా అనుమానిస్తాడు.

అమెరికా సెమినరీ అయితే గడియారం సంగతి. వారి తూర్పు తీరంలో సాయంత్రం 7 గంటల క్లాసు మనకు మరునాడు తెల్లవారుజామున 4.30కు వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం వారు గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం వరకు అదే క్లాసు మనకు 5.30కు. వారి శనివారం సాయంత్రం క్లాసు మాత్రం తీసుకోవద్దు, అది మన ఆదివారపు ఉదయం.

ఫీజు వాయిదాల తేదీలు కూడా చూసుకోండి. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధం. మా వంటి సంఘాలలో ఆ రెండు నెలలు కానుకలు బాగా తగ్గుతాయి. నా వాయిదాను జూలైకి మార్చమని ఉత్తరం రాశాను, మార్చారు. అడిగితే చాలాచోట్ల మారుస్తారు. విదేశీ సెమినరీ స్కాలర్‌షిప్పు ఇస్తామంటే ఆ మొత్తాన్ని ఫీజులోనే తగ్గించమనండి. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి లేకుండా సంఘం ఖాతాలోకి విదేశీ విరాళం రప్పించడం చట్టవిరుద్ధం. తెలియక చేసినా చిక్కే.

బల్ల, నెట్టు, తెలుగు టైపు

చదువుకు ఒక స్థిరమైన చోటు కావాలి. ప్రత్యేక గది అక్కరలేదు. సంఘ మందిరం పగలు ఖాళీగా ఉంటుంది, ఒక మూల బల్ల వేసుకోండి. నిశ్శబ్దం కావాలంటే ద్వారకానగర్‌లోని పబ్లిక్ లైబ్రరీ ఉంది. రౌటరుకు చిన్న బ్యాటరీ పెట్టించండి. వేర్వేరు కంపెనీల సిమ్ములు రెండు ఉంచుకోండి. పాఠాలు, పీడీఎఫ్‌లు వచ్చిన రోజే దింపుకోండి.

తెలుగులో వ్యాసాలు రాసేవారు ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మన కరపత్రాలు, సంఘ పత్రికలు చాలావరకు అను ఫాంట్లలో ఉంటాయి. ఆ అక్షరాలను సెమినరీ పోర్టల్‌లో పెడితే పిచ్చి గీతలుగా కనిపిస్తాయి. ఏ ఫోనులోనైనా, కంప్యూటరులోనైనా సరిగా కనిపించే యూనికోడ్‌లో టైపు చేయడం చేరక ముందే నేర్చుకోండి. ఫోనులో మాట్లాడితే తెలుగులో టైపయ్యే సదుపాయం ఉంది. నేను మొదటి చిత్తుప్రతి అలాగే, నడుస్తూ చెబుతాను. తరువాత కూర్చుని దిద్దుతాను.

వారం చదువు ఎలా నడపాలి

ఒక కోర్సు తొమ్మిది గంటలను ఒకే రోజున కుక్కకండి. నాకు నాలుగు తెల్లవారుజాములు, ఒక్కొక్కటి గంటన్నర. సోమవారం ఉదయం మూడు గంటలు. ఆదివారం అలసట సోమవారం మధ్యాహ్నం వరకు ఉంటుంది కాబట్టి సోమవారం తేలికైన పని, అంటే వీడియో పాఠాలు, చర్చలో రెండు మాటలు రాయడం. బరువైన చదువు మంగళ, బుధ, గురువారాల ఉదయాలలో. శనివారం ససేమిరా వద్దు. సెమినరీ గడువు ఆదివారం రాత్రి అయితే మీ గడువు గురువారం అని రాసుకోండి.

ఇంగ్లిషు పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు పట్టుకుని కూర్చోవడం వల్లే చాలామంది మొదటి నెలలో అలిసిపోతారు. ముందు అధ్యాయం చివరి రెండు పేజీలు చదవండి, తరువాత మొదటి రెండు. రచయిత ఏమి నిరూపించాలనుకున్నాడో ఒక వాక్యంలో తెలుగులో రాయండి. రాయగలిగితే మధ్య భాగం వేగంగా నడుస్తుంది. పదాల కోసం వేరే నోటుపుస్తకం పెట్టి, సొటిరియాలజీ ఎదురుగా రక్షణ సిద్ధాంతం, ఎస్కటాలజీ ఎదురుగా అంత్యదినాల బోధ, హెర్మెన్యూటిక్స్ ఎదురుగా వ్యాఖ్యాన సూత్రాలు, ఇలా రాసుకుంటూ వెళ్ళండి. ఒక పదాన్ని సంఘంలోని వృద్ధురాలికి అర్థమయ్యే తెలుగులో చెప్పలేకపోతే నాకు ఇంకా రాలేదని లెక్క.

కొత్త నిబంధన మూలభాష అయిన గ్రీకుకు భయపడకండి. ఇది ధైర్యం కోసం చెప్పే మాట కాదు, తెలుగువారికి నిజంగా ఒక సౌకర్యం ఉంది. చిన్నప్పుడు బడిలో "డుమువులు ప్రథమా విభక్తి" అని వల్లించాం. గ్రీకు నామవాచకం కూడా విభక్తిని బట్టి చివర మార్చుకుంటుంది. లోగోస్ అంటే వాక్యము, లోగూ అంటే వాక్యముయొక్క, లోగోన్ అంటే వాక్యమును. ఇంగ్లిషు మాత్రమే తెలిసిన విద్యార్థికి మాట చివర మారితే అర్థం మారడమే కొత్త. మనం పుట్టినప్పటి నుంచి అలాగే మాట్లాడుతున్నాం. నాతో చదివిన కొందరు ఇంగ్లిషులో ఉన్న గ్రీకు విభక్తుల పట్టికను తెలుగు చేసుకోకుండా బట్టీ పట్టి నలిగిపోయారు. పక్కన విభక్తి ప్రత్యయం రాసుకున్న రోజు నుంచి నాకు దారి తెలిసింది. కేంబ్రిడ్జిలోని టిండేల్ హౌస్ వారి స్టెప్ బైబిల్ ఉచితంగా దొరుకుతుంది. ప్రతి మాట కింద మూలభాష పదం చూపిస్తుంది. రోజుకు ఒక వచనం చాలు.

వ్యాసాన్నీ ప్రసంగాన్నీ కలపడం

సమయం అన్నిటికంటే ఎక్కువగా ఆదా అయ్యేది ఇక్కడే. కోర్సు అంశాన్ని మీరే ఎంచుకునే వీలుంటే, రాబోయే నెలలో సంఘంలో బోధించబోయే భాగాన్నే ఎంచుకోండి. ఫిలిప్పీ పత్రిక మీద వ్యాసం రాస్తున్నప్పుడు బుధవారాలు ఫిలిప్పీ పత్రికే చెప్పండి. ఒకే సిద్ధపాటు రెండు చోట్ల పనికి వస్తుంది. అయితే వ్యాసాన్ని బల్ల మీద పెట్టి చదవకండి. సంఘానికి పండితుల పేర్లు అక్కరలేదు, వారి వల్ల మీకు తెలిసినది కావాలి.

విలాప కీర్తనల మీద వ్యాసం రాస్తున్న రోజులలో ఒక రాత్రి తీరం వైపు ఒక ఇంటి నుంచి ఫోను వచ్చింది. ఇరవై ఏళ్ళ కొడుకు పోయాడు. నేను వెళ్ళేసరికి తల్లి గోడకు ఆనుకుని కూర్చుంది. పక్కన నీలం నైలాను వల కుప్పగా ఉంది. చూడకుండానే ఆమె వేళ్ళు వల కన్నులను ఒక్కొక్కటిగా విడదీస్తున్నాయి. అంతకు ముందైతే పునరుత్థానం గురించి ఒక వచనం చదివి, ఏడవకమ్మా అని ఉండేవాణ్ణి. ఆ వారమంతా 88వ కీర్తనతో ఉన్నాను. దానిలో చివర మలుపు ఉండదు, ఆ కీర్తన చీకటి అనే మాటతోనే ఆగిపోతుంది. ఆ కీర్తనే చదివి, ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. కాసేపటికి ఆమె వేళ్ళు ఆగాయి. "మళ్ళీ చదవండి అయ్యగారూ" అంది. చదువు ఎందుకని ఎవరైనా అడిగితే నాకు గుర్తుకు వచ్చేది ఆ రాత్రే. ఆమెను అడిగే ఇది రాస్తున్నాను. పేరూ ఊరూ చెప్పనని మాట ఇచ్చాను.

ఇది మీరూ పాటించాలి. పరిచర్య కోర్సులలో కేస్ స్టడీలు రాయమంటారు. చర్చా వేదికలో పంచుకోమంటారు. మీ దగ్గర కన్నీళ్ళతో ఒప్పుకున్న మనిషి కథ పది రాష్ట్రాల విద్యార్థులు చదివే చోటికి పోకూడదు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. ఊరు, పని, పిల్లల సంఖ్య కూడా మార్చండి, లేదా ఆ మనిషి అనుమతి తీసుకోండి.

ప్రసంగాలలో ఎక్కడో విన్నది మన మాటగా చెప్పేయడం మనలో చాలామందికి అలవాటు. సెమినరీలో అది దొంగతనం కిందికి వస్తుంది, రావాలి కూడా. ఎవరి ఆలోచన ఏ పేజీలో ఉందో చదువుతున్నప్పుడే రాసుకోండి. కృత్రిమ మేధ చేత వ్యాసం రాయించుకోవడం కూడా అంతే. నియమాలు ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉన్నాయి, అడిగి తెలుసుకోండి. కానీ మీరు చదవని దానితో మీరు ఎవరినీ ఓదార్చలేరని మాత్రం నాకు తెలుసు.

ఏడాది క్యాలెండరు

జూన్‌లోనే ఏడాది మొత్తం గోడ మీద రాయండి. డిసెంబరు మొత్తం సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్, చివరి రాత్రి ఆరాధన. ఆ నెలలో వ్యాసం రాయగలననుకోవద్దు, నవంబరులోనే పంపేయండి. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల నలభై రోజులలో ఒక్క కోర్సే. మండు వేసవిలో సెలవుల బైబిలు పాఠశాల ఉంటే కోర్సు వద్దు.

అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అలాంటిది మళ్ళీ వస్తే మీరు సహాయ పనిలో ఉంటారు, పుస్తకం ముందు కాదు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే, నెట్టు ఉండగానే, గడువు పెంచమని ప్రొఫెసరుకు రాయండి. ముందు రాసిన ఉత్తరానికి, తరువాత చెప్పిన కారణానికి ఎంతో తేడా ఉంటుంది.

సెమిస్టరు ముగిసిన మరునాడే తరువాతి కోర్సుకు డబ్బు కట్టవద్దు. రెండు వారాలు ఆగండి. అప్పు తీర్చే రోజులవి. ఆ తెల్లవారుజాములలో పడుకోండి. వాయిదా వేసిన దర్శనాలకు వెళ్ళండి. పిల్లలను సాయంత్రం భీమిలి రోడ్డు మీదుగా తీసుకెళ్ళి, ఫోను ఇంట్లో వదిలేయండి. తరువాత ఒక రాత్రి, కొత్త కోర్సు గంటలు రాసిన కాగితం మళ్ళీ భార్య ముందు పెట్టండి. మొన్న జూన్‌లో నేను పెట్టినప్పుడు ఆమె చాలాసేపు చూసి, "ఈసారి ఒక్కటే తీసుకోండి, నేనూ ఒకటి మొదలుపెడతాను" అంది. కాగితంలో సగం గడులు చెరిపి ఆమె పేరు రాశాం.